పురుటికి వెళ్ళివచ్చే పిట్టలు

మా ఇంటికి ఏటా కార్తీకమాసంలో చుట్టాలు వస్తారు. వచ్చేముందు కార్డుముక్క రాయరు. ఫోను చెయ్యరు. ఎంతమంది వస్తున్నదీ, ఎన్నాళ్ళుండేదీ చెప్పరు. ఒకనాటి సాయంకాలం, సరిగ్గా దీపాలు పెట్టే వేళకు, పడమటి ఆకాశం మీద ఎవరో పిడికెడు నల్లనువ్వులు చల్లినట్లు కనిపిస్తుంది. చూస్తూండగానే ఆ నువ్వులు పొగ అవుతాయి, పొగ మబ్బవుతుంది. ఆ మబ్బు మా మిద్దె మీద గిర్రున రెండు చుట్లు తిరిగి, జోరువాన చప్పుడుతో మా పెరటి రావిచెట్టులోకి దూరుతుంది. ఆ తర్వాత గంటసేపు మా ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. తిరునాళ్ళ బజారు తెచ్చి పెరట్లో పెట్టినట్లు ఉంటుంది.

ముప్పై నాలుగేళ్ళు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. చిరునామా సరిగా లేని ఉత్తరాన్ని చేరవలసిన ఇంటికి చేర్చడంలో నాకు కొంత పేరు కూడా ఉండేది. అటువంటివాణ్ణి, ఏ చిరునామా లేకుండా మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దాటివచ్చి మా నంద్యాలలో దిగే ఈ పిట్టల సంగతి ఏనాడూ పట్టించుకోలేదు. వచ్చాయి అనుకునేవాణ్ణి, పోయాయి అనుకునేవాణ్ణి. అంతే. 2025 ఫిబ్రవరిలో పక్కింటివారితో తగాదా రాకపోతే ఇప్పటికీ అలాగే ఉండేవాణ్ణి.

ఆ తగాదా చెప్పాలంటే ముందు పిట్ట సంగతీ, చెట్టు సంగతీ చెప్పాలి.

జొన్నపిట్ట

ఈ పిట్ట పేరు గులాబీ గోరింక. మన ఇళ్ళ చుట్టూ తిరిగే మామూలు గోరింకకు పినతండ్రి బిడ్డ అనుకోండి. జానెడు పొడవు, వంద గ్రాములు తూగదు. చలికాలంలో చూస్తే గులాబీరంగు ఎక్కడున్నదా అని వెతుక్కోవలసిందే. ఆ యేడు పుట్టిన పిల్లలైతే ఉత్త మట్టిరంగు. శివరాత్రి దాటి ఎండ ముదిరేకొద్దీ పెద్దపిట్టల రంగు తేలుతుంది. తల, మెడ, రెక్కలు, తోక నిగనిగలాడే నలుపు. వీపూ పొట్టా లేత గులాబీ. నెత్తిమీద వెనక్కు దువ్విన జుట్టు. ఇందులో విచిత్రమేమిటంటే, దానికి ఎక్కడినుంచో కొత్తరంగు రాదు. ఈకల చివర ఉండే మాసిన అంచులు చలికాలమంతా అరిగి అరిగి రాలిపోతాయి; లోపలి అసలు రంగు బయటపడుతుంది. మన చీరలు కట్టేకొద్దీ వెలుస్తాయి. ఆ పిట్ట కట్టిన చీర కట్టేకొద్దీ మెరుస్తుంది.

ఇంగ్లీషులో దీన్ని రోజీ స్టార్లింగ్ అంటారు. పూర్వం రోజీ పాస్టర్ అనేవారు. పాస్టర్ అంటే లాటిను భాషలో గొర్రెల కాపరి. మందల వెంట తిరుగుతూ, వాటి కాళ్ళ కిందనుంచి లేచే పురుగులను ఏరుకు తినే అలవాటుంది కనక ఆ పేరు. జొన్నచేల మీద పడటం చూసిన దొరలు జొవారీ బర్డ్ అనీ, చోళం బర్డ్ అనీ కూడా పిలిచారు. మా అవ్వకు లాటినూ తెలియదు, ఇంగ్లీషూ తెలియదు. కాని ఆమె పెట్టిన పేరు కూడా అదే: జొన్నపిట్ట.

అవ్వకు ఊరి బయట రెండెకరాల నల్లరేగడి ఉండేది. జొన్న పాలు పోసుకునే వేళకు నన్ను మంచె ఎక్కించి, చేతికి వడిసెల ఇచ్చేది. నా ఈడు పిల్లలకు అదొక పండగ. పిట్టల గుంపు దుప్పటి పరిచినట్లు చేను మీద దిగేది. నేను వడిసెల తిప్పి రాయి విసిరి, డబ్బా వాయించి, గొంతు చించుకుని అరిచేవాణ్ణి. దుప్పటి లేచి పక్క చేను మీద పరుచుకునేది. పక్క చేలో వాడు అరిస్తే మళ్ళీ మా మీదికి. సాయంత్రానికి అవ్వ వచ్చి, గింజలు రాలిన కంకులను చేత్తో తడిమి చూసి, నాలుగు తిట్లు తిట్టి, చివరికి, “పోనీలే నాయనా, మన పాలు మనకు, పిట్టపాలు పిట్టకు” అనేది. రెండెకరాల మనిషికి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియదు.

ఇప్పుడు ఆ చేను మాకు లేదు. అక్కడ జొన్నా లేదు. మా వైపు నల్లరేగళ్ళలో జొన్న తగ్గి శనగ పెరిగి చాలా ఏళ్ళయింది. పిట్టలు మాత్రం వస్తూనే ఉన్నాయి. పగలు చేలవెంట, తుప్పలవెంట తిరిగి మిడతలూ గింజలూ పళ్ళూ తింటాయి. పొద్దు గూకేసరికి ఊళ్ళో చిక్కని చెట్టు చూసుకుని చేరతాయి.

మా రావిచెట్టు అటువంటిది. దాన్ని మా తాతా నాటలేదు, మా నాన్నా నాటలేదు. పాతబావి గోడ పగులులో ఏదో పిట్ట రెట్టలోని విత్తు పడి మొలిచింది. గోడ పాడవుతుందని పీకేయబోతే మా నాన్న, “దాన్ని పెట్టినవాళ్ళు మనం కాదు, తియ్యడానికి మనమెవరం?” అన్నాడట. బావి పూడిపోయింది. గోడ కూలిపోయింది. చెట్టు మిగిలింది. మా పెరడు చాలక పక్కింటి మీదికి కూడా రెండు పెద్ద కొమ్మలు చాచింది.

చెట్టు పెద్దదా, బిడ్డ పెద్దదా?

పక్కింటాయనా నేనూ నలభై యేళ్ళుగా ఇరుగుపొరుగు. నన్ను అన్నా అంటాడు. ఆయన భార్యను మా ఆవిడ వదినా అంటుంది. గోడకు ఈ పక్కన పెట్టిన గోంగూర పచ్చడి, గంటలో గిన్నె మారి చింతకాయ తొక్కుగా తిరిగివచ్చే స్నేహం మాది. పిట్టల రెట్ట వాళ్ళ ముంగిట్లో పడుతూనే ఉండేది. వాళ్ళు విసుక్కుంటూనే ఉండేవారు. మేము వినీ విననట్లు ఊరుకునేవాళ్ళం.

ఆ సంక్రాంతికి వాళ్ళ రెండో అమ్మాయి పురుటికి పుట్టింటికి వచ్చింది. తొలికాన్పు. అంతకుముందు ఒకసారి గర్భం నిలిచి పోయింది కనక ఇంటిల్లిపాదీ ఆ పిల్లను కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ తగిలింది. ఏ ఛానలు పెట్టినా చచ్చిన కోళ్ళను గోతుల్లో పూడ్చే బొమ్మలే. ఆ వారంలోనే ఒకనాడు పొద్దున పక్కింటాయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. కాఫీ వద్దన్నాడు. వద్దన్నాడంటేనే నాకు అర్థమైంది, సంగతేదో పెద్దదని.

“అన్నా, ఈ చెట్టు కొట్టిచ్చాల.”

“ఏందప్పా ఆ మాట?”

“టీవీలో చూస్తివి గదా. పొద్దున లేస్తే మా ముంగిలంతా రెట్ట. మిద్దె మీది నీళ్ళ తొట్టి నిండా రెట్ట. పాపకు ఎనిమిదో నెల నిండుతాంది. రేపు పసిబిడ్డను ఆ ముంగిట్లో ఎట్ల పండబెట్టేది?”

నాకు కోపం వచ్చింది. “రావిచెట్టు మీద గొడ్డలి పెట్టమంటావా?” అన్నాను.

ఆయన లేచి నిలబడి, నెమ్మదిగానే, “చెట్టు పెద్దదా అన్నా, బిడ్డ పెద్దదా?” అన్నాడు.

ఆ ప్రశ్నకు ఎవరి దగ్గర జవాబుంటుంది? నా దగ్గరా లేకపోయింది. ఆయన వెళ్ళిపోయాడు. గోడ మీది గిన్నెల రాకపోకలు ఆగిపోయాయి. అదేరోజు పిట్టల రాకపోకలు ఆగితే బాగుండేది గాని, సాయంత్రానికి అవి మామూలుగానే వచ్చి, మామూలుకన్నా రెట్టింపు గోల చేశాయి.

నిజం చెప్పాలంటే నేను కొట్టించడానికే సిద్ధపడ్డాను. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి. అర్జీ కూడా రాసిపెట్టాను. కాని కాగితం జేబులో ఉండగా మనసు ఒప్పలేదు. వీటివల్ల బిడ్డకు ప్రమాదం ఉన్నదా లేదా అన్నది ముందు తెలుసుకుందామని, రిటైరైన పశువుల డాక్టరు ఒకాయన మా స్నేహితుడుంటే ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన చెప్పినదిది. బర్డ్ ఫ్లూ పురుగుకు పుట్టిల్లు ముఖ్యంగా బాతుల జాతి, నీటిపక్షులు. కోళ్ళఫారాల్లో పడితే అగ్గిలా అంటుకుంటుంది. చెట్లమీద తిరిగే చిన్నపిట్టల్లో అది అరుదు. అలాగని రెట్ట మంచిదని కాదు. ఏ పిట్ట రెట్టైనా ఎండి దుమ్ముగా లేస్తే ఊపిరితిత్తులకు చేటు. అందుచేత పొడి చీపురుతో ఊడవకూడదు. ముందు నీళ్ళు చల్లి తడిపి, తర్వాత కడగాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. నీళ్ళతొట్టికి మూత ఉండాలి. చచ్చిన పిట్ట కనిపిస్తే ఒట్టిచేత్తో ముట్టుకోకూడదు. గర్భిణిని ఆ పనికి అసలు పంపకూడదు. “ఇంతకీ,” అన్నాడాయన, “అవి ఇంకెన్నాళ్ళుంటాయి? ఏప్రిల్ దాటితే ఒక్కటి కనబడదు. ఈలోపల చెట్టు కొట్టడమెందుకు?”

ఎక్కడికి పోతాయి అని అప్పుడు అడిగాను. ఆరు పదులు దాటిన తర్వాత, జీవితంలో మొదటిసారి.

పుట్టిల్లు ఎక్కడ?

ఆయన ఇచ్చిన పుస్తకాలు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చదివాను. ముఖ్యమైన సంగతులు పాత లెడ్జరులో రాసుకున్నాను.

ఈ పిట్టల పుట్టిల్లు మధ్య ఆసియా గడ్డిమైదానాలు. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అటు చైనాలోని షిన్‌జియాంగ్, ఇటు ఐరోపా ఆగ్నేయపు అంచు దాకా. ఏప్రిల్‌లో మన దేశం విడిచి, మే నెలకు అక్కడికి చేరతాయి. రాళ్ళగుట్టల సందుల్లో, బండల పగుళ్ళలో వేలకొద్దీ ఒకచోట గూళ్ళు పెడతాయి. గుడ్లు పొదగడానికి సుమారు పదిహేను రోజులు. పిల్లలు గూడు విడవడానికి మరో మూడున్నర వారాలు. అంతే. పిల్లలకు రెక్కలు రావడం తడవుగా, జూలై ఆగస్టు నెలల్లోనే తిరుగు ప్రయాణం. ముందు పెద్దవి, తర్వాత పిల్లలు. మొదట సింధు, గుజరాతు ప్రాంతాల్లో దిగి, క్రమంగా దక్షిణానికి జరుగుతూ కార్తీకానికి మా వైపు వస్తాయి. కొన్ని సింహళం దాకా పోతాయి. లెక్కవేస్తే సంవత్సరంలో సుమారు తొమ్మిది నెలలు ఉండేది మన దేశంలోనే.

అక్కడి కథలో అసలు నాయకురాలు మిడత. మిడతలు ఎక్కడ మెండుగా పుడితే పిట్టలు అక్కడ గూళ్ళు పెడతాయి. పిల్లలను మేపే రోజుల్లో ఒక్కొక్క పెద్దపిట్ట రోజుకు వందకు పైగా మిడతలను పట్టగలదు. అందుకని ఒక ఏడు పెట్టినచోట మరుసటి ఏడు గూడు పెడుతుందన్న నమ్మకం లేదు. 1875లో ఒక గుంపు మామూలు హద్దులన్నీ దాటి, ఇటలీలో వెరోనా నగరానికి దగ్గర విల్లాఫ్రాంకా పాతకోటలో వేలాదిగా గూళ్ళు పెట్టింది. పుట్టిల్లు ఏటేటా మారుతుంది. చలికాలపు ఇల్లు మాత్రం ప్రధానంగా భారతదేశమే.

షిన్‌జియాంగులో వీటి విలువ తెలుసుకున్నారు. మిడతలకు మందు చల్లే బదులు, 1980ల నుంచి పిట్టల కోసం రాళ్ళు గుట్టలుగా పేర్చి గూళ్ళకు తావు చేస్తున్నారు. 2018 వేసవిలో అక్కడి నీల్కా ప్రాంతంలో పెద్దరోడ్డు వేస్తూండగా, పోగుచేసిన రాళ్ళలో ఈ పిట్టలు గూళ్ళు పెట్టాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా అక్కడ పని ఆపేశారు. రోడ్డు ఆగింది గదా, నా కొమ్మలు ఆగలేవా అనిపించింది.

దారి ఎలా తెలుస్తుందన్నది నా తపాలా బుద్ధికి పుట్టిన ప్రశ్న. దీనికి దగ్గరి చుట్టమైన ఐరోపా గోరింక మీద హాలండు దేశపు పెర్డెక్ అనే శాస్త్రజ్ఞుడు చేసిన పరీక్ష 1958లో వెలువడింది. వలస పోతున్న గోరింకలను పదకొండు వేలకు పైగా పట్టి, కాళ్ళకు బిళ్ళలు తగిలించి, విమానంలో స్విట్జర్లాండుకు తీసుకుపోయి వదిలారు. అంతకుముందు ఒకసారైనా దారి చూసిన పెద్దపిట్టలు తప్పు గ్రహించి, దిక్కు మార్చుకుని తమ పాత చలికాలపు తావుల వైపు మళ్ళాయి. తొలిసారి బయలుదేరిన పిల్లలు మాత్రం పుట్టుకతో తెలిసిన దిక్కునే పట్టుకుని పోయి, ఫ్రాన్సులో, స్పెయినులో తేలాయి. దిక్కు పుట్టుకతో వస్తుంది. చిరునామా మాత్రం ఒకసారి వెళ్ళివస్తేనే తెలుస్తుంది. ఉత్తరాలు పంచే కుర్రాళ్ళకు కూడా మేము ఇదే చెప్పేవాళ్ళం.

ఇదంతా నేను లెడ్జరులోంచి చదువుతూంటే మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్నది. విని, విని, “అయితే ఇవి పురుటికి పుట్టింటికి పోయివస్తాయన్నమాట!” అన్నది.

నేను కళ్ళద్దాలు తీశాను.

“మూడు నెలలు పుట్టింట్లో ఉండి, పిల్లల్ని కని, రెక్కలు రాగానే మెట్టినింటికి వస్తాయి. అంతేగదా మీరు చదివింది? మరి చుట్టాలు చుట్టాలంటారేమిటి? ఇది వాటి ఇల్లే.”

వారంరోజులు పుస్తకాలు తిరగేసి నేను కనిపెట్టలేనిది, ఆమె చిక్కుడుకాయలు ముగిసేలోపల కనిపెట్టింది.

గోడకు అటుపక్క

మా ఆవిడ ఆ మాట తన దగ్గరే ఉంచుకుంటుందా? మధ్యాహ్నం గోడ దగ్గర నిలబడి పక్కింటి అమ్మాయితో చెప్పింది. పది రోజులుగా మూగపోయిన గోడ మాట్లాడింది. సాయంత్రం నేను లెడ్జరు చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కుర్చీ చూపించాడు గాని నా మొహం చూడలేదు. పశువుల డాక్టరు చెప్పినవన్నీ వరసగా చెప్పాను. ఆపైన నా షరతులు నేనే చెప్పాను. నీళ్ళతొట్టికి మూత నా ఖర్చు. వాళ్ళ ముంగిలి పైన టార్పాలిన్ పట్ట నా ఖర్చు. ఏప్రిల్ దాకా రోజూ పొద్దున వాళ్ళ ముంగిలి తడిపి కడగడం నా పని. పిట్టలు వెళ్ళిపోయాక, అనుమతి తీసుకుని, వాళ్ళ మీదికి వచ్చిన రెండు కొమ్మలూ కొట్టిస్తాను. చెట్టు మాత్రం ఉంటుంది.

“నువ్వు కడుగుతావా అన్నా, ఈ వయసులో?” అన్నాడాయన.

“నా చెట్టు గదప్పా.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లోపలినుంచి అమ్మాయి గడప దగ్గరకు వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, “నాయనా, నేను ఈడికొచ్చినట్టే అవి ఆడికి పోతాయంట. పోయేదాకా ఆగుదాంలే” అన్నది. ఆయన కూతురి మొహం చూసి, “సరే, ఏప్రిలు దాకా” అన్నాడు. పూర్తిగా ఒప్పుకోలేదు, గడువు ఇచ్చాడు. పెద్దమనిషి గనక అదైనా ఇచ్చాడు. భయపడే తండ్రిని తప్పుపట్టడానికి నాకు నోరు లేదు.

ఆ మర్నాటినుంచి తెల్లవారుజామున ముక్కుకు తువ్వాలు కట్టుకుని, బకెట్టూ చీపురూ పట్టుకుని నేను గేటు తీసుకుని వెళ్ళడం వీధిలో పెద్ద వేడుక అయింది. “ఏం సార్, రిటైరయ్యాక కొత్త ఉద్యోగమా?” అని పాలవాడు కూడా అడిగాడు. నాలుగోనాటికి బకెట్టు పక్కన ఒక లోటా కాఫీ కనిపించింది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు.

అమ్మాయికి డాక్టరు నడవమన్నాడు కనక సాయంత్రాలు మా మిద్దె మీదికి వచ్చేది. పిట్టలు వచ్చేవేళకు తల్లీ, మా ఆవిడా, ఆమే, ముగ్గురూ పిట్టగోడ పట్టుకుని నిలబడేవారు. ఆకాశంలో ఆ గుంపు తిరిగే తీరు చూడవలసిందే గాని చెప్పేది కాదు. ఒకసారి ఉండ అవుతుంది, ఒకసారి తెర అవుతుంది, మధ్యలో నడుం కట్టుకున్నట్లు సన్నబడి రెండవుతుంది, మళ్ళీ ఒకటవుతుంది. డేగ వచ్చిందంటే ఇంకా దగ్గరగా ముడుచుకుంటుంది. ఒక పిట్టకొక పిట్ట తగలదు.

“వీటికి ముందుండి చెప్పేదెవరు పెదనాన్నా?” అని ఆమె అడిగింది.

ఎవరూ లేరు. రోము నగరం మీద తిరిగే ఐరోపా గోరింకల గుంపులను ఫోటోలు తీసి, ఇటలీ శాస్త్రజ్ఞులు లెక్కకట్టి 2008లో ప్రకటించినదేమంటే, ఒక్కొక్క పిట్ట తనకు దగ్గరగా ఉన్న ఆరేడు పిట్టలను మాత్రమే కనిపెట్టుకుని తిరుగుతుంది. గుంపులో ఎన్ని వేలున్నా సరే, ఆ ఆరేడే. ఆ ఆరేడుకు మళ్ళీ వాటి ఆరేడు. అంతలో గుంపంతా ఒక్కటిగా మళ్ళుతుంది.

“మన వీధి మాదిరి” అన్నది ఆమె తల్లి. మా రెండిళ్ళ నడుమ పది రోజులు మాటలు లేకపోవడం గుర్తుకు వచ్చి కాబోలు, తర్వాత ఎవరమూ మాట్లాడలేదు.

ఎవరింటికి వారు

మార్చిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పురిటిగది కిటికీకి దోమతెర కట్టారు. ముంగిట్లో నా చీపురు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు.

ఆ రోజులకే నల్లమల అంచున మోదుగులు ఎర్రగా పూశాయి. ఈ పిట్టలకు పూలతేనె మహా ఇష్టం. బూరుగుపూలలోకీ, మోదుగుపూలలోకీ ముక్కు దూర్చి తేనె తాగుతూంటే పుప్పొడి నుదుటికి అంటుకుంటుంది. అది మరో పువ్వుకు చేరుతుంది. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల లెక్కలు తీసిన సలీం అలీ, ఎర్రపూల చెట్లకు పిట్టలు చేసే ఈ ఉపకారాన్ని గురించి 1932లోనే వివరంగా రాశాడు. అవ్వ చేను మీద పడి గింజ తిన్న పిట్టే మిడతను తింటుంది, మోదుగుకు కాయ పట్టిస్తుంది, రావివిత్తును గోడ పగులులో పెడుతుంది. దాని ఖాతాలో అప్పు ఉన్నది, జమ కూడా ఉన్నది. మనం అప్పు పేజీ ఒక్కటే చూసి పుస్తకం మూసేస్తాం.

ఉగాది దాటింది. పిట్టలన్నీ పెళ్ళివారిలా నలుపూ గులాబీ రంగుల్లో మెరిసిపోతున్నాయి. ఒకనాటి సాయంత్రం గుంపు సగమైంది. మూడు రోజులకు పిడికెడయింది. ఆ తర్వాత ఒక సాయంత్రం నేను మిద్దె మీద చీకటిపడేదాకా కూర్చున్నాను. ఏవీ రాలేదు. రావి ఆకుల గలగల తప్ప మరో చప్పుడు లేదు. మర్నాడు పొద్దున చీపురు పట్టుకుని వెళితే ముంగిలి శుభ్రంగా ఉన్నది. అలవాటుకొద్దీ నీళ్ళు చల్లి వచ్చాను.

మే నెలలో అనుమతి వచ్చింది. మాట ప్రకారం రెండు కొమ్మలూ కొట్టించాను. కొడుతున్నంతసేపూ పక్కింటాయన కూడా నా పక్కనే నిలబడ్డాడు. రెండో కొమ్మ సగం తెగాక, “అన్నా, ఇది ఉండనీలేకపోతిమా?” అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ కొమ్మ ఉన్నచోట ఇప్పుడు ఎండ పడుతున్నది. దానికి నేను ఇంకా అలవాటు పడలేదు.

ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చాక, ఐదోనెల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అమ్మాయి అత్తవారింటికి ప్రయాణమైంది. చలిమిడి కట్టారు. చీర సారె పెట్టారు. కారెక్కేముందు ఆమె మా ఆవిడ చెవిలో ఏదో చెప్పి నవ్వింది. ఏమన్నదని తర్వాత అడిగితే, “ఈపాటికి పిట్టలు కూడా పిల్లలతో బయలుదేరి ఉంటాయా పెద్దమ్మా అని అడిగింది” అన్నది. లెడ్జరు తీసి చూశాను. జూలై, ఆగస్టు. బయలుదేరే ఉంటాయి.

2025 కార్తీకంలో మళ్ళీ వచ్చాయి. కొమ్మలు తగ్గినందుకు కాబోలు, కొన్ని పక్కవీధి చింతచెట్లకు సర్దుకున్నాయి. ఆ రాత్రి పక్కింటాయన ఫోను పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. తెరమీద అమ్మాయి, ఆమె చంకలో బిడ్డ. “పెదనాన్నా, వచ్చినాయా?” అని ఆమె అడుగుతున్నది.

నేను జవాబు చెప్పబోయాను. పెరట్లో గోలకు నా మాట వాళ్ళకు వినపడలేదు. అదే జవాబనుకుని వాళ్ళు నవ్వారు.